బావ రైఫిల్, నా ఎక్సెల్ షీట్

"ఏరా, రెండు వేల డాలర్లలో వెయ్యి గజాలు కొట్టొచ్చంటావా?"

ఆదివారం పొద్దున్నే ఫోన్ చేసి మా బావ అడిగిన ప్రశ్న ఇది. నేనింకా బ్రష్ కూడా చేయలేదు.

బావావాళ్లు ఉండేది టెక్సస్‌లో. ఆయన అమెరికన్ సిటిజన్. నేనూ అదే ఊళ్లో ఉంటాను, హెచ్-1బీ మీద. బావకి కొత్తగా పట్టుకున్న పిచ్చి లాంగ్ రేంజ్ షూటింగ్. వేట లాంటిదేం లేదు, ఎక్కడో దూరంగా వేలాడే ఇనప పలకని కొట్టడమే ఆట. వెయ్యి గజాలంటే 914 మీటర్లు. అంత దూరంలో నిలబడిన మనిషే చీమలా కనిపిస్తాడు.

ఈ హాబీకి ఐదారు వేల డాలర్లు పోసేవాళ్లు చాలామంది ఉన్నారు. మా అక్క మాత్రం రెండు వేలు శాంక్షన్ చేసి, పైన ఒక్క డాలర్ దాటినా గరాజ్‌లోనే పడుకోమంది. లెక్కల బాధ్యత నా మీద పడింది. ఇంజినీరింగ్ చదివిన బామ్మర్ది ఉన్నాక ఆ మాత్రం వాడుకోకపోతే ఎలా?

లెక్కల్లోకి వెళ్లే ముందు ఒక ముఖ్యమైన మాట. అమెరికాలో చదువుతున్నవాళ్లు, రాబోతున్నవాళ్లు రెండుసార్లు చదవండి. ఎఫ్-1, హెచ్-1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు గన్ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉండటం లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి, అంతే. రేంజ్‌లో అద్దెకి తీసుకుని పది రౌండ్లు కాల్చినా లెక్కలోకే వస్తుంది. చేతిలో లేకపోయినా మన అధీనంలో ఉంటే చాలు, కేసు పెట్టొచ్చు. 2022లో చట్టం మారాక గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. ఒక్క ఇన్‌స్టా ఫొటో కోసం వీసా, కెరీర్ రెండూ పణంగా పెట్టకండి. డౌట్ ఉంటే రూమ్మేట్‌ని కాకుండా లాయర్‌ని అడగండి.

అందుకే మా ఒప్పందం సింపుల్. రైఫిల్ బావది, సేఫ్ తాళం బావది. నాది స్పాటింగ్ స్కోప్, ల్యాప్‌టాప్.

షాపింగ్ అచ్చం పీసీ బిల్డ్ లాగే సాగింది. బేస్‌గా 6.5 క్రీడ్‌మూర్‌లో మామూలు ఫ్యాక్టరీ రైఫిల్ తీసుకున్నాం, సుమారు 550 డాలర్లు. హార్నడీ కంపెనీ 2007లో తెచ్చిన ఈ క్యాలిబర్ బుల్లెట్ సన్నగా, పొడుగ్గా ఉంటుంది. గాలిలో వేగం తొందరగా కోల్పోదు. 1952 నాటి .308 విన్‌చెస్టర్ కంటే గాలికి తక్కువ పక్కకి పోతుంది, భుజం మీద దెబ్బా తక్కువే.

స్కోప్‌కి ఇంకో 600. రైఫిల్ కన్నా స్కోప్‌కి ఎక్కువా అని బావ గింజుకున్నాడు. కానీ వెయ్యి గజాలు వెళ్లేసరికి ఆ బుల్లెట్ పాతిక అడుగుల పైనే కిందకి పడుతుంది. ఆ మేరకు స్కోప్ మీద డయల్ తిప్పి సరిచేయాలి. తిప్పినంతే కచ్చితంగా కదలాలి, తిరిగి సున్నాకి తెస్తే సున్నా దగ్గరే ఆగాలి. చౌక స్కోప్‌లు అబద్ధం చెప్పేది ఇక్కడే. రైలు, రింగులు, బైపాడ్ కలిపి 200. మిగిలిన 650 తూటాలకి. మ్యాచ్ గ్రేడ్ తూటా ఒక్కోటి రెండు డాలర్లకి అటూ ఇటూగా ఉంటుంది. అంటే మూడొందల చిల్లర వస్తాయి.

మొదటిరోజు వంద గజాల దగ్గర మూడు తూటాలు కాల్చాడు. మూడూ రూపాయి బిళ్లంత చోటులో పడ్డాయి. వెంటనే ఫ్యామిలీ గ్రూప్‌లో ఫొటో పెట్టేశాడు. "బావా, మూడు శాంపిల్స్‌తో బెంచ్‌మార్క్ రిపోర్ట్ ఇస్తే మా మేనేజర్ తంతాడు, పది కాల్చు" అన్నాను. పది కాల్చాక గ్రూప్ అంగుళం దాటకుండా ఆగింది. అంటే ఒక ఎంవోఏ. వెయ్యి గజాల దగ్గర అదే పదిన్నర అంగుళాలు అవుతుంది. 550 డాలర్ల రైఫిల్‌కి ఇది బ్రహ్మాండమైన రిజల్ట్.

అసలు కథ వెయ్యి గజాల రేంజ్‌లో మొదలైంది. ఇరవై అంగుళాల పలక. ఇరవై తూటాలు కాలిస్తే తగిలింది సున్నా. నలభై డాలర్లు మట్టిలో కలిశాయి.

ఇంటికొస్తూ కారులోనే తీర్మానించేశాడు బావ. "బ్యారెల్ మార్చాలిరా. ఆరొందలు పెడితే గ్రూప్ సగానికి వస్తుంది." అక్కకి ఎలా చెప్పాలో కూడా ఆలోచించేసుకున్నాడు, నా పుట్టినరోజు గిఫ్ట్ పేరుతో!

ఆ రాత్రి పైథాన్‌లో చిన్న సిమ్యులేషన్ రాశాను. ఈ బుల్లెట్ వెయ్యి గజాలు వెళ్లడానికి ఒకటిన్నర సెకను పడుతుంది. అడ్డంగా వీచే గాలిని గంటకి ఒక్క మైలు తప్పుగా అంచనా వేస్తే దాదాపు ఎనిమిది అంగుళాలు పక్కకి పోతుంది. బావలాంటి కొత్తవాళ్ల అంచనాకి స్టాండర్డ్ డీవియేషన్ రెండు మైళ్లు అనుకున్నాను. ఎత్తు సరిగ్గానే ఉందనుకుని, పక్కకి పోయేది మాత్రం లెక్కేశాను.

ఇప్పటి బ్యారెల్‌తో వందకి దాదాపు 46 తగులుతాయి. గ్రూప్ సగానికి తగ్గించే ఆరొందల డాలర్ల బ్యారెల్‌తో? 47 కూడా దాటలేదు.

తర్వాత బ్యారెల్ పాతదే ఉంచి, గాలి అంచనాలో తప్పుని రెండు మైళ్ల నుంచి ఒక మైలుకి తగ్గించాను. 76కి ఎగిరింది.

ప్రొడక్షన్‌లో యాప్ స్లోగా ఉంటే సర్వర్ మార్చేద్దాం అనే మేనేజర్లు ఉంటారు. తీరా చూస్తే సమస్య ఒక చెత్త క్వెరీలో ఉంటుంది. బావ రైఫిల్ కథా అంతే. షీట్ చూపిస్తే బావ ఐదు నిమిషాలు మాట్లాడలేదు. తర్వాత "అయితే గాలి నేర్చుకోవడానికి ఎంతవుతుంది?" అన్నాడు.

పెద్దగా ఏమీ కాదు, టైమ్ తప్ప. గడ్డి ఎటు వంగుతోంది, దుమ్ము ఎటు పోతోంది, స్పాటింగ్ స్కోప్‌లో ఎండ సెగ అలలు ఎటు పారుతున్నాయి, ఇవి చూడాలి. చూసి ఒక నంబర్ రాసుకోవాలి, ఆ తర్వాత విండ్ మీటర్‌తో సరిపోల్చుకోవాలి. మూడు నెలలు శనివారం శనివారం ఇదే పని. బావ పది తూటాలే కాల్చేవాడు, నేను మాత్రం వందసార్లు గాలి చదివేవాణ్ని. ట్రిగ్గర్ ముట్టుకోలేని నాకు ఈ ఆటలో దొరికిన ఉద్యోగం అదే. నా నోట్‌బుక్‌లో మొదటి నెల తప్పులు చూస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది.

పోయిన శనివారం సాయంత్రం. గాలి కుడి నుంచి, ఆరు మైళ్లు. "బావా, కుడికి 1.3 మిల్ పట్టు, ఇప్పుడే" అన్నాను. కాల్చాడు. ఒకటిన్నర సెకను తర్వాత స్కోప్‌లో పలక ఊగింది. నేను నోరు తెరవలేదు. వెయ్యి గజాల నుంచి శబ్దం మా దాకా రావడానికి ఇంకో రెండున్నర సెకన్ల పైనే పట్టాలి.

టంగ్‌మని వినిపించింది.

బావ లేచి నన్ను గట్టిగా హత్తుకున్నాడు. ఆ పాత బ్యారెల్‌తోనే. ఆరొందల డాలర్లు అలాగే ఉన్నాయి, అక్క వాటితో సోఫా కొనేసింది.