లాక్రాస్ ఆటయు, మైదానపు టంచున నిలుచు తల్లిదండ్రులును

ఈ సంచిక చదువరులలో లాక్రాస్ అను ఆట పేరు విన్నవారు కొద్దిమందియే యుందురు. మన పాఠశాలలో ఆ యాట లేదు. అయినను మన ప్రాంతముల నుండి అమెరికాకు వెళ్లి స్థిరపడిన కుటుంబములు నేడు వేలకొలది కలవు. అచటి పిల్లలు వసంతకాలము రాగానే, చివర చిన్న వలగల కర్ర నొకదానిని భుజమున వైచికొని మైదానమునకు పోవుదురు. ఆ కర్ర యేమిటో ఇక్కడి తాతలకు తెలియదు. అక్కడి తల్లిదండ్రులకును మొదట తెలియదు. క్రికెట్టు బ్యాటు పట్టి పెరిగిన తండ్రి, తన కుమారుడు హెల్మెట్టు ధరించి పరుగిడుచుండగా, మైదానపు టంచున నిలిచి తానేమి చేయవలయునో తోచక తికమకపడుట సహజమే. పిల్లల యాట బాగుపడుటకును చెడుటకును ఆ యంచున నిలిచినవారే ముఖ్యకారణమని మా యభిప్రాయము. అందులకే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఈ యాట ఉత్తర అమెరికా ఆదివాసులది. హౌడెనోసౌనీ జనులు దీనిని సృష్టికర్త యొసగిన యాటగా భావింతురు. హికరీ చెట్టు కర్రను వంచి, తోలు పేటలతో వల యల్లి ఆడిరి. లాక్రాస్ అను పేరు ఫ్రెంచివారిది. మాంట్రియాల్ నగరపు దంతవైద్యుడైన విలియం జార్జి బీర్స్ 1860-70 నడుమ దీనికి వ్రాతపూర్వకమైన నియమములను కూర్చెను. 1904, 1908 ఒలింపిక్కు పోటీలలో దీనిని ఆడిరి. 2028 లో లాస్ ఏంజిలిస్ పోటీలలో జట్టునకు ఆరుగురు చొప్పున మరల ఆడించుటకు 2023 లో నిర్ణయమైనది. అమెరికా ఉన్నతపాఠశాలలలో బాలుర జట్టున పదుగురు, బాలికల జట్టున పండ్రెండుగురు ఆడుదురు. వలలో బంతిని పట్టి, పరుగిడి, చెలికానికి విసరి, తుదకు గోలులో వేయుటయే ఆట.

దేశమంతటికిని నియమములు చేయు సంఘము యు.ఎస్.ఏ. లాక్రాస్ అనునది, ఇది 1998 లో ఏర్పడెను. కాని ఊరూర పిల్లల నాడించునది స్థానిక సంఘమే. ఎనిమిది, పది, పండ్రెండు, పదునాలుగు సంవత్సరముల లోపువారని రెండేసి యేండ్ల కొక తరగతిగా విభజింతురు. మిక్కిలి చిన్నవారికి చిన్న మైదానము, తక్కువ మంది ఆటగాండ్రు. ప్రతి బిడ్డకును బంతి దొరకవలెనని ఈ యేర్పాటు. పెద్దలాడు ఆటను కుదించి పిల్లలకు తొడిగినచో అది పొడుగు చొక్కా వలె కాళ్లకు అడ్డుపడును. చిన్న తరగతుల బాలురు ఒకరినొకరు దేహముతో ఢీకొనుట నిషిద్ధము. బాలికల యాటలో నది యే వయస్సునను కూడదు; కనుక వారికి కంటి కవచమును పండ్ల తొడుగును ముఖ్యమైనవి. బాలురకు హెల్మెట్టు, చేతి తొడుగులు, భుజకవచము కూడ కావలెను.

ఈ కవచమును గూర్చి ఒక మాట. బంతి గట్టి రబ్బరుతో చేయబడినది. క్రికెట్టు బంతికన్న కొంచెము తేలిక, సుమారు 145 గ్రాములు. అది గుండెకు సరిగా ఎదుట రొమ్మున తగిలినచో, ఏ రోగమును లేని బాలుని గుండె సైతము ఆగిపోవచ్చును. అట్టిది అరుదు, అయినను ప్రాణముతో కూడిన విషయము. అందుచేత అమెరికాలో 2021 నుండి గోలు కాచు బాలురకును, 2022 నుండి తక్కిన బాలురకును గుండెను కాపాడుటకై నిర్ణయింపబడిన ప్రమాణముగల కవచమే ధరింపవలెనని విధించిరి. అన్న విడిచిన చొక్కాను తమ్మునికి తొడుగుట మన యిండ్లలో వాడుక, మంచి వాడుకయే. కాని అన్న విడిచిన పాత కవచముపై ఆ ప్రమాణపు గుర్తు లేనిచో దానిని తమ్మునికి తొడుగరాదు. గుండెను మరల నడిపించు విద్యుద్యంత్రము మైదానమున నెచట నున్నదో తల్లిదండ్రులు మొదటి దినముననే అడిగి తెలిసికొనవలెను.

ఇక కార్యక్రమము నడుచు తీరు. చలికాలమున పేర్లు నమోదగును. వసంతమున వారమునకు రెండు మూడు దినములు అభ్యాసము, వారాంతమున పందెము. శిక్షకులలో పెక్కురు జీతము లేని తండ్రులు, తల్లులు. గీతలు గీయువారు, గోలు వలలు మోయువారు, గడియారము చూచువారు, లెక్క వ్రాయువారు అందరును వారే. ఆట తెలియని తండ్రికి ఇందు కావలసినంత పని కలదు. పని చేయువాడు అరవడు; చేతిలో పని లేనివానికే నోట పని. ఇది మా పాఠశాలా దినోత్సవములలో కూడ మేము చూచినదే.

పిల్లలతో మెలగు పెద్దలపై నిఘా యుండుటయు కార్యక్రమములో భాగమే. 2018 లో అమెరికాలో అమలునకు వచ్చిన చట్టము ప్రకారము, జాతీయ క్రీడాసంఘములకు సంబంధించిన పెద్దలు, బిడ్డపై అత్యాచారము జరిగినదను అనుమానము కలిగినచో 24 గంటలలో అధికారులకు తెలుపవలయును. మంచి శిక్షకుడు దీనిని అవమానముగా నెంచడు.

మాకు మిక్కిలి బాధ కలిగించు సంగతి వేరొకటి కలదు. ఊరి జట్టులతో తృప్తిపడక, దూరపు పోటీలకు తిరుగు క్లబ్బులకు పెద్ద రుసుములు చెల్లించి, ఏడాది పొడుగునను ఒకే ఆటలో బిడ్డను త్రిప్పుచున్నవారు అనేకులు. కళాశాలలో విద్యార్థి వేతనము దొరకునని ఆశ. పదునాలుగేండ్ల పిల్లలు సైతము కళాశాలా శిక్షకులకు మాట యిచ్చుట సాగగా, 2017 లో కళాశాలా క్రీడాసంఘము మొదటి శ్రేణి కళాశాలల విషయమున ఒక నియమము చేసినది: ఉన్నతపాఠశాల మూడవ సంవత్సరపు సెప్టెంబరు 1 వ తేదీకి ముందు శిక్షకులు పిల్లలతో ఆ ప్రసక్తి చేయరాదు. పెద్దల యాత్రమును పిల్లలు ఆపలేరు గనుక చట్టమే ఆపవలసి వచ్చినది! ఆ వేతనముల లెక్క యైనను చూడుడు. ఆ శ్రేణిలో పురుషుల జట్టు కొకదానికి పూర్తి వేతనములు 12.6 మాత్రమే, నలువదిమందికి పైబడిన జట్టులో అవియే తునకలుగా పంచబడుచుండెను. 2025 లో ఆ పద్ధతి మారినది. కాని అంతకు ముందు ఎన్ని సంవత్సరములు ఎందరు తల్లిదండ్రులు దక్కిన దానికన్న మిక్కిలి హెచ్చు వ్యయపరచిరో! పెట్టిన ధనమునకు ఫలము కోరు తండ్రికి, కొడుకు జారవిడిచిన బంతి నష్టముగా తోచును. కొడుకు దానిని తండ్రి ముఖముననే చదువును.

రెఫరీ పలుమారు పదునారేండ్ల కుఱ్ఱవాడు. వానిపై పెద్దలు కేకలు వేయగా, మరుసటి యేడు వాడు రాడు. రెఫరీ లేనిదే పందెము లేదు.

మన దేశమున దోషము దీనికి విరుద్ధమైనది. ఇక్కడ కబడ్డీ పందెమునకు తల్లిదండ్రులలో వచ్చువారు వ్రేళ్లమీద లెక్కింపదగినవారు. ఆటవలన చదువు చెడునని కొందరు మాతోనే చెప్పుచుందురు. అచట మితిమీరిన మమకారము, ఇచట ఉపేక్ష. ఈ రెంటి నడుమ బిడ్డ యొంటరియే. అచటివారి కేకలను మేము కోరము గాని, సాయంకాలము ఒక గంట వచ్చి గీతలు గీయు ఆ తండ్రుల వంటివారిని కోరుదుము.

అమెరికాలోనున్న మన బంధువులకు ఈ సంచికను పంపు చదువరులు, రుసుము కట్టుటకు ముందు వారినిట్లు అడుగుమని వ్రాయవచ్చును: ప్రతి బిడ్డయు పందెమున ఎంతసేపు ఆడును? కర్రయు కవచమును కొనలేనివానికి సంఘము ఎరువిచ్చునా? బిడ్డ వేసవిలో ఈదుటకో, వేరొక ఆటకో పోయినచో మరుసటి యేడు చోటుండునా? ఇంతలో బిడ్డకు కావలసినది ఒక కర్ర, ఒక బంతి, ఇంటి వెనుక కిటికీలు లేని ఒక గోడ. గోడకు విసరి, తిరిగి వచ్చుదానిని కుడిచేత నూరు మార్లు, ఎడమచేత నూరు మార్లు పట్టుటకు రుసుము లేదు.