ప్రేమకు భాష అక్కర్లేదట!

ఈ మాట మీరూ వినే ఉంటారు. అమెరికా నుంచో కొరియా నుంచో పదిమంది మిషన్ ట్రిప్ అని వస్తారు. వారం పది రోజులుంటారు. పిల్లలతో ఆటలాడతారు, ప్రార్థనలు చేస్తారు, మందులో బట్టలో పంచుతారు. వెళ్లే ముందు రోజు శాలువాలు కప్పించుకుని, మైకు పట్టుకుని, "మీ భాష మాకు రాదు, అయినా ప్రేమకు భాష అక్కర్లేదు" అంటారు. అందరూ చప్పట్లు కొడతారు. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది.

వాళ్ల మనసు మంచిది కాదని అనడం లేదు. సొంత డబ్బు ఖర్చు పెట్టుకుని, సెలవులు మానుకుని, మన ఎండలో చెమటలు కక్కుతూ తిరిగేవాళ్లని అనడానికి నోరెలా వస్తుంది? నా కోపం ఆ మాట మీద. వినడానికి ప్రేమ గురించి చెప్పినట్టే ఉంటుంది. తరచి చూస్తే అది నేర్చుకోకుండా తప్పించుకునే సాకు.

తల్లికీ బిడ్డకీ మధ్య భాష ఉందా అని అడుగుతారు కొందరు. పిల్లల్ని పెంచినవాళ్లని అడిగి చూడండి. ఏది ఆకలి ఏడుపో, ఏది కడుపునొప్పి ఏడుపో, ఏది ఊరికే పేచీయో తెలియడానికి ఎన్ని రాత్రులు జాగారం చేశాం! అది కూడా కూర్చుని నేర్చుకున్న భాషే. పుట్టగానే ఎవరికీ రాలేదు.

ఇంత మంట ఎందుకంటే, కృష్ణపట్నంలో నేను కళ్లారా చూసింది ఉంది. మా ఆయనకి పోర్టు దగ్గర పని కాబట్టి మేం ముత్తుకూరులో ఉంటాం. మా వదిన వాళ్ల చర్చికి ఒక బృందం వచ్చింది. సముద్రపు ఒడ్డున పట్టపుపాళెంలో మెడికల్ క్యాంపు పెట్టారు. వంటకి సాయం రమ్మని వదిన పిలిస్తే వెళ్లాను.

ఈ పాళేల సంగతి బయటివాళ్లకి అంతగా తెలియదు. పట్టపువాళ్లు ఇళ్లలో మాట్లాడుకునేది మన తెలుగు కాదు, తమిళానికి దగ్గరగా ఉండే వాళ్ల సొంత మాట. మనతో, చేపలు కొనేవాళ్లతో మాట్లాడేది నెల్లూరు తెలుగు. ఇక చర్చిలో వినేది "దయచేయుము, అనుగ్రహించుము" అనే మూడో రకం. అంటే, పెద్ద బడి ముఖం చూడని ఆ ఆడవాళ్లకి అప్పటికే మూడు రకాల మాటలు వచ్చు. వచ్చిన అతిథులకి ఒక్కటే వచ్చు. భాష రానిది ఎవరికి మరి?

ఇంగ్లీషు చెప్పడానికి పెట్టింది టౌన్‌లో చదివిన ఇరవై ఏళ్ల కుర్రాడిని. బుద్ధిమంతుడే. వరసలో ఒకామె వచ్చి కూర్చుంది. మగపిల్లాడు కదా, తలొంచుకుని మెల్లగా, "నీళ్లోసుకుని మూడు నెల్లయింది నాయనా, నడుము లాగేస్తా ఉండాది" అంది. ఆ అబ్బాయి ఉన్నది ఉన్నట్టుగా ఇంగ్లీషులోకి మార్చాడు: ఈమె స్నానం చేసి మూడు నెలలైందట, నడుం నొప్పట. డాక్టరమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. లేచి ఆమెని గట్టిగా కౌగిలించుకుంది. రెండు సబ్బులు చేతిలో పెట్టింది. నడుం నొప్పికి మాత్రలు కట్టించింది. ఆమె సబ్బుల వంక చూసి, "ఇవి దేనికి మా?" అని నన్నడిగింది.

నవ్వొస్తోందా? నాకూ వచ్చింది, ఆ మాత్రల పొట్లం చూసేవరకు. ఆమె గర్భిణి అని నేను వెళ్లి చెప్తే డాక్టరమ్మ తెల్లబోయింది. ఆ మాత్రలు గర్భంతో ఉన్నవాళ్లకి ఇవ్వకూడదని వెంటనే వెనక్కి తీసుకుంది. కౌగిలింతలో ప్రేమకేం తక్కువ లేదు. కానీ కడుపులో బిడ్డ సంగతి కౌగిలింతకి ఎలా తెలుస్తుంది?

మన ఆడవాళ్ల భాషే అంత. నెల తప్పిందంటాం, బయట చేరానంటాం, ఒంట్లో బాగాలేదంటాం. అసలు సంగతి ఎప్పుడూ చాటుగానే ఉంటుంది. మగవాళ్ల ముందు మరీను. అలాంటి చోట కుర్రాడిని కూర్చోబెట్టడమేమిటి? ఆ పాళెంలోనే పది దాకా చదివిన ఆడపిల్లలున్నారు. వాళ్లని ఎవరూ అడగలేదు. కుర్చీలు సర్దే పని ఇచ్చారు.

ఇదే నెల్లూరుకి వెనకటి రోజుల్లో వచ్చినవాళ్లు ఇలా రాలేదు. శామ్యూల్ డే 1836లో విశాఖపట్నం వైపు వచ్చి, శ్రీకాకుళం, మద్రాసు తిరిగి, 1840కి నెల్లూరు చేరాడు. 1849లో వచ్చిన లైమన్ జ్యూయెట్ తర్వాత తెలుగు బైబిలు సవరించే పనిలో ఏళ్లు గడిపాడు. అంతకు ముందు, 1805లో విశాఖలో అడుగుపెట్టిన క్రాన్, డేగ్రాంజ్‌లకి సువార్తలు తెలుగు చేయడానికి ఆనందరాయరు అనే తెలుగువాడు కావలసి వచ్చింది. ఒంగోలులో క్లౌ దొర పేరు అందరికీ తెలుసు. ఆయన వెనక ఊరూరా నడిచి, జనం మాటలో చెప్పినవాడు యర్రగుంట్ల పేరయ్య. 1876-78 కరువులో క్లౌ కాంట్రాక్టు తీసుకుని కొంత భాగం తవ్వించిన బకింగ్‌హాం కాలువ ఇప్పుడూ మన కృష్ణపట్నం పక్క నుంచే పోతుంది. ఆ దొరలందరూ దేవుళ్లని కాదు, వాళ్ల సంగతులు వేరే ఉన్నాయి. కానీ ఏళ్ల తరబడి కూర్చుని తప్పులు మాట్లాడి, జనం నవ్వితే పడి, నేర్చుకున్నారు. భాష అక్కర్లేదని మాత్రం అనలేదు.

అసలు బైబిల్లో పెంతెకొస్తు కథ ఏం చెప్తుంది? నానా దేశాలవాళ్లు ఎవరి సొంత భాషలో వాళ్లు విన్నారని. మారింది చెప్పేవాళ్ల నోరు. వినేవాళ్లని ఎదుటివాళ్ల భాష నేర్చుకోమనలేదు. నేను చర్చికి వెళ్లేదాన్ని కాదు, వదిన పుణ్యమా అని ఈ కథ తెలుసు.

పది రోజులకి తెలుగెలా వస్తుందమ్మా అని వదినే అడిగింది. రాదు. కానీ విమానం ఎక్కే ముందు నలభై మాటలు నేర్చుకోవచ్చు. బాగున్నారా, ఎక్కడ నొప్పి, తిన్నారా, మీ పేరేంటి. మనం అమెరికాలో కూతురి పురిటికి వెళ్లేటప్పుడు అరవై ఏళ్ల వయసులో ఇమిగ్రేషన్ మాటలు బట్టీ పట్టడం లేదూ? మనకి సాధ్యమైంది వాళ్లకి కాదా? మిగతా మాటలకి పాళెం ఆడపిల్లనే పక్కన కూర్చోబెట్టుకోవాలి. కూలి ఇచ్చి మరీ. ఆమె చెప్పినదాకా మందు చీటీ రాయకూడదు.

వదిన ఈ సంగతి చర్చి పెద్దల చెవిన వేసింది. ఆడవాళ్ల వరస దగ్గర ఆడపిల్లని పెట్టడానికి ఒప్పుకున్నారట గానీ, ఆ కూలి డబ్బులు ఎవరివ్వాలని అడిగారట. శాలువాలకి ఎవరిచ్చారో వాళ్లనే అడగమన్నాను.