గీజరు మార్చేవారికి 200 యూనిట్ల గీత – స్టాకిస్టులు గమనించాలి

సంగారెడ్డి: కార్తీకం వెళ్లి చలి ముదిరే వేళకు పటాన్‌చెరు, రామచంద్రాపురం, ఇస్నాపూర్, సదాశివపేట దుకాణాలలో గీజర్ల బేరాలు ఊపందుకుంటాయి. కోహీర్, జహీరాబాద్ వైపు రాత్రి ఉష్ణోగ్రత ఒక అంకెకు దిగిన రోజులలో సరుకు నిలవదు. పాతది చెడిపోయి కొత్తది కొనవచ్చినవారికి కౌంటరు మీద దొరికే సలహా మాత్రం తరచు ఒక్కటే: ‘పెద్దది తీసుకోండి, ఫైవ్ స్టార్‌ది తీసుకోండి.’ ఈ సలహాలో సగం మార్జిను కోసం చెప్పేది; మిగతా సగం స్టార్ల అర్థం తెలియక చెప్పేది.

కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ గీజర్లకు ఇచ్చే స్టార్లు నీరు కాగే పనికి సంబంధించినవి కావు. కరెంటును వేడిగా మార్చడంలో ఏ కంపెనీ కడ్డీ అయినా దాదాపు ఒకటే. అందులో పోయేది లేదు. కాగిన నీరు ట్యాంకులో ఊరకే నిలిచి ఉన్నప్పుడు ఎంత వేడి బయటికి పోతుందో, ఆ నష్టాన్ని బట్టే స్టార్లు. అంటే రోజంతా స్విచ్చి వేసి ఉంచే ఇంటికి ఫైవ్ స్టార్ గిట్టుబాటు. పొద్దున అరగంట వేసి స్నానాలు కాగానే కట్టేసే ఇంటికి, దానికోసం పెట్టే అదనపు సొమ్ము తిరిగి రావడానికి చాలా ఏళ్లు పడుతుంది. ఈ తేడా చెప్పి అమ్మే దుకాణదారులు లేకపోలేదు, కాని తక్కువ.

లెక్క చూద్దాం. లీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి ఒక కిలో కెలోరీ కావాలి. 860 కిలో కెలోరీలు ఒక యూనిట్. నలుగురున్న ఇంట్లో తలా ఒక 20 లీటర్ల బకెట్టు, 20 డిగ్రీల నీరు 40 డిగ్రీలకు రావాలంటే 1,600 కిలో కెలోరీలు. అంటే రోజుకు సుమారు 1.9 యూనిట్లు, నెలకు 56. ఇది తప్పనిసరి ఖర్చు, ఏ స్టారూ దీన్ని తగ్గించలేదు. తగ్గించగలిగింది వృథాను మాత్రమే. 25 లీటర్ల ట్యాంకు ఒకసారి 60 డిగ్రీలకు కాగడానికే 1.16 యూనిట్లు పడుతుంది. అందులో సగం వాడి సగం చల్లారబెట్టే ఇల్లు రోజూ అర యూనిట్ పైగా గోడకు ధారపోస్తున్నట్టే. 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజరు అయితే పది నిమిషాలలోపు బకెట్టు నింపుతుంది, మిగులు ఉండదు. వైరింగు ఆ భారానికి తగినదై ఉండాలి, అంతే.

ఈ యూనిట్, అర యూనిట్ తేడా ఇదివరలో ఎవరూ పట్టించుకునేవారు కారు. 2024 మార్చి నుంచి పరిస్థితి మారింది. గృహజ్యోతి కింద అర్హులైన ఇళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు. ఆ గీత దాటితే దాటిన ఒక్క యూనిట్‌కే కాదు, మొత్తానికీ చెల్లించాలి. 2022-23 టారిఫ్ పట్టిక ప్రకారం 200 దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లు 5 రూపాయల 10 పైసల చొప్పున పడతాయి. అంటే 201వ యూనిట్ ఖరీదు వెయ్యి రూపాయలు పైచిలుకు. మామూలుగా 140 యూనిట్లు వాడే కార్మిక కుటుంబం స్నానాల కరెంటు 56 కలిపినా 196 దగ్గర నిలుస్తుంది. అదే ఇంట్లో 25 లీటర్ల ట్యాంకు రోజుకు అర యూనిట్ వృథా చేస్తే లెక్క 211. చలికాలం ప్రతి నెలా ఆ వెయ్యి కట్టవలసిందే. కౌంటరు మీద తొందరలో చెప్పిన ఒక మాట ఆ ఇంటి మీద ఇంత బరువు మోపుతుంది.

కిరాయి ఇళ్ల సంగతి వేరు. గీజరు కొనేది యజమాని, బిల్లు కట్టేది కిరాయిదారు. యజమాని చూసేది ధర ఒక్కటే. పాశమైలారం, బొల్లారం చుట్టుపక్కల షిఫ్టు కార్మికుల గదులకు సరుకు వేసే దళారులకు ఇది కొత్త విషయం కాదు.

మన ప్రాంతంలో అన్నిటికన్న గట్టి సమస్య నీళ్లు. మంజీర నీరు వచ్చే ఇంటికీ బోరు నీరు వాడే ఇంటికీ ఒకే సరుకు అమ్మడం పొరపాటు. బోరు నీటిలోని సున్నం కడ్డీకి పొరలు పొరలుగా పడుతుంది. దానివల్ల కరెంటు పెద్దగా పెరగదు. వేడి నీటికి చేరక కడ్డీయే కాలిపోతుంది. ట్యాంకును తుప్పు నుంచి కాపాడే మెగ్నీషియం కడ్డీ అరిగిపోయినా మార్చరు, ట్యాంకు కారినప్పుడు కంపెనీని తిడతారు. థర్మోస్టాటు 60కి బదులు 50 దగ్గర పెడితే పొర నిదానంగా పడుతుంది. ఈ మాట చెప్పడానికి పైసా ఖర్చు లేదు.

సోలారుకూ ఇదే చిక్కు. ఫ్లాట్ ప్లేటు రకంలో సన్నటి రాగి గొట్టాలు బోరు నీటికి పూడుకుపోతాయి. గాజు ట్యూబులలో అడుగున పేరుకుంటుంది గాని కడుక్కోవడం సులువు. సొంత డాబా, ఎత్తున నీళ్ల ట్యాంకు ఉన్నవారికి 100 లీటర్ల సోలారు చలికాలపు ఎండకు చాలినంత పని చేస్తుంది; ముసురు రోజులకు వేరే ఏర్పాటు ఉండాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి సోలారు వాటర్ హీటర్లపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది, కరెంటు గీజరుకు 18 శాతమే. ఈ తేడా కొనుగోలుదారు దాకా చేరాలి. ఒక జాగ్రత్త: పీఎం సూర్యఘర్ సబ్సిడీ కరెంటు పలకలకు గాని నీళ్ల హీటరుకు కాదు. రెండూ కలిపి చెప్పి బేరం కుదిర్చే ఏజెంట్లను నమ్మరాదు.

గ్యాసు గీజరు లెక్కకు బాగుంటుంది: పై నలుగురి స్నానాలకు 14.2 కిలోల సిలిండరు రెండున్నర నెలలు వస్తుంది. కాని తలుపు మూసిన స్నానాలగదిలో పెడితే ప్రాణం తీసే విషవాయువు. పొగగొట్టం బయటికి పెట్టించే వీలు లేనిచోట దీన్ని అమ్మకపోవడమే మంచిది. హాస్టళ్ల ఆర్డర్లు తెచ్చే దళారులు హీట్ పంపు వైపు చూడవచ్చు. యూనిట్ కరెంటుతో గాలిలోని వేడిని లాగి మూడు యూనిట్ల పని చేస్తుంది. ధర ఎక్కువ గనుక ఒక్క కుటుంబానికి పొసగదు.

ఇక పాతది ఇచ్చి కొత్తది తీసుకునే బేరాలు. 2024 మేలో లండన్‌లో టన్ను రాగి 11,000 డాలర్లు దాటింది. అటకమీది రాగి హమాము, పాత గీజర్లలోని రాగి ట్యాంకు తుక్కువాడికి పోవలసినవి కావు. లోపల రాగా, ఉక్కా చూడకుండా అన్నిటికీ ఒకే ఎక్స్‌ఛేంజి ధర కట్టే దుకాణం దగ్గర ఖాతాదారు నష్టపోతున్నాడు.

ఈ సీజనుకు ఆర్డరు పెట్టేవారు 25 లీటర్లవి తగ్గించి, 3, 15 లీటర్లవి పెంచుకుంటే సరుకు మిగలదని మా అభిప్రాయం. వాటితోపాటు మెగ్నీషియం కడ్డీలు, హీటింగ్ కడ్డీలు నాలుగు డజన్లైనా దగ్గర ఉంచుకోవాలి. బోరు నీళ్ల కాలనీలకు జనవరిలో వాటి అవసరం పడుతుంది.