పప్పులో నీళ్ళు పోస్తే ప్రొటీన్ పెరగదు

ఈమధ్య మన ఐటీ జనాల్లో 'మీల్ ప్రెప్' అని ఓ ముచ్చట నడుస్తోంది. ఆదివారం వండి డబ్బాల్లో సర్దుకుని వారమంతా తినడమన్నమాట. మంచిదే. అద్దె, ఈఎంఐ పోగా మిగిలింది కాస్తా ఆర్డర్ చేసిన బిర్యానీలకి పోయేకంటే నయం. కానీ ఇదేదో కొత్తగా కనిపెట్టినట్టు మాట్లాడుతుంటే నవ్వొస్తుంది. ఒక్క వంటని మూడు పూటలకి సాగదీయడం మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్న విద్యే.

కందిపప్పునే తీసుకోండి. మధ్యాహ్నం ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి. రాత్రికి మిగిలిన పప్పులో చింతపండు పులుసు పోసి, నాలుగు ములక్కాడ ముక్కలు వేసి మరిగిస్తే పప్పుచారు. ఇడ్లీ పిండిదీ ఇదే కథ. మొదటిరోజు ఇడ్లీ, రెండోరోజు ఉల్లిపాయలు చల్లి ఊతప్పం, మూడోరోజుకి పులిసిన పిండిలో కాస్త మైదా కలిపి పునుగులు. సీమలో అయితే గుంటపొంగనాలు. మన భాషలో చెప్పాలంటే కోడ్ రీయూజ్ :) రాత్రి మిగిలిన అన్నం పొద్దున్న పులిహోర అయితే పండగ, ఊరికే వేడిచేసి పెడితే గొడవ.

ఇక్కడిదాకా అందరూ ఒప్పుకునేదే. నా అభ్యంతరమల్లా ఈ పొదుపుని మనం రూపాయల్లో మాత్రమే కొలవడం మీద.

చిన్న లెక్క చూద్దాం. కందిపప్పులో 100 గ్రాములకి దాదాపు 22 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. అంటే పావుకిలోకి 55. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సిఫార్సు ప్రకారం పెద్దవాళ్ళకి రోజుకి, కిలో బరువుకి 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. 60 కిలోల మనిషికి 50 గ్రాములు. అంటే పావుకిలో పప్పు మొత్తం కలిపినా ఒక్క మనిషి ఒక్కరోజు అవసరం కంటే కాస్త ఎక్కువ, అంతే! దాన్నే నలుగురికి రెండు పూటలు పెడుతున్నాం. అన్నంలోనూ, పెరుగులోనూ కొంత ఉంటుంది కాబట్టి బండి నడుస్తోంది. 2015లోలా కందిపప్పు కిలో 200 దాకా వెళ్తే ఏం చేస్తారు? పప్పు తగ్గిస్తారు, నీళ్ళు పెంచుతారు. చారు పెరుగుతుంది, ప్రొటీన్ మాత్రం వేసిన పప్పుకి తగ్గట్టే ఉంటుంది.

సరే, మరి ఆ నీళ్ళు ఎవరి కంచంలోకి వస్తున్నాయి? ఆఖర్న తినేవాళ్ళ కంచంలోకి. మన ఇళ్ళలో చాలావరకు అది అమ్మే, లేదా భార్యే. గరిటె ముందు పిల్లలకి, తర్వాత మగవాళ్ళకి తిరిగాక గిన్నెలో మిగిలింది ఆవిడది. ములక్కాడ ముక్కలు అప్పటికే అయిపోయుంటాయి. "మా అమ్మ ఎంత పొదుపో" అని మనం గొప్పగా చెప్పుకునే దాంట్లో కొంత ఆవిడ తినకుండా వదిలేసింది కూడా ఉంది. దాన్ని పొదుపు అనడం నావల్ల కాదు.

అందుకని సాగదీయడం మానేయమనట్లేదు. నీళ్ళతో కాకుండా సరుకుతో సాగదీయమంటున్నా. పప్పులో గుప్పెడు తోటకూరో పాలకూరో వేస్తే గిన్నె నిండుతుంది. రాత్రి పప్పుచారు పక్కన తలో ఉడికించిన గుడ్డు పెట్టండి. గుడ్డు తినని ఇళ్ళలో పల్లీ పచ్చడి చేసుకోవచ్చు. పల్లీల్లో ప్రొటీన్ కందిపప్పు కంటే ఎక్కువే. బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ పప్పులో బాగా ఉంటుంది కాబట్టి పప్పన్నం జోడీ మంచిదే, పప్పు పాలు తగ్గకుండా చూసుకుంటే చాలు.

ఇంకో మాట. మిగిలిన అన్నాన్ని రాత్రంతా బయట వదిలేయకండి, చల్లారిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టేయండి. అన్నంలో పెరిగే ఒకరకం బాక్టీరియా వదిలే విషం మళ్ళీ వేడిచేసినా పోదు. ఆసుపత్రి బిల్లు ముందు నెలంతా చేసిన పొదుపు ఏమూలకి?

అన్నిటికంటే తేలికైనది, పైసా ఖర్చు లేనిది ఒకటుంది. వడ్డన మొదలవకముందే వండినవాళ్ళ వాటా తీసి పక్కన పెట్టడం. లేదా అందరూ కలిసి కూర్చుని తినడం. ఆఫీసులో టాస్కులన్నీ సమానంగా పంచాలని గొంతు చించుకునే మనం ఇంట్లో పప్పు పంచలేమా?

ఇంతకీ మీ ఇంట్లో ఆఖర్న తినేదెవరు?