దానానికి ఏ లెక్క చూడాలి?

విరాళం అడగడానికి ఎవరైనా వస్తే చాలామందికి మొదట వచ్చే సందేహం ఒకటే. ఇచ్చిన రూపాయిలో పేదవాడికి చేరేదెంత, జీతాలకూ అద్దెలకూ కార్లకూ పోయేదెంత? ఈ అనుమానం ఊరికే పుట్టలేదు. అనాథాశ్రమం బోర్డు తగిలించి వసూళ్లు చేసుకున్నవాళ్ల సంగతి అందరూ వింటున్నదే. ప్రభుత్వమూ ఇదే కొలబద్దను చట్టంలోకి తెచ్చింది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టాన్ని 2020లో సవరించి, స్వచ్ఛంద సంస్థలు ఆ విరాళాల్లోంచి పాలనా ఖర్చులకు వాడుకోదగ్గ పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి కుదించింది. దొంగను పట్టుకోవడానికి ఈ లెక్క కొంతవరకు అక్కరకొస్తుంది. మంచి సంస్థను గుర్తించడానికి మాత్రం చాలదు, చాలాసార్లు దాతను పక్కదారి పట్టిస్తుంది కూడా. దాత తెలుసుకోవాల్సింది వేరే ఉంది: ఈ డబ్బుతో ఎవరి బతుకులో ఏం మారింది? ఈ డబ్బు లేకపోయినా అది మారేదేనా?

రాజస్థాన్‌లోని ఉదయ్‌పూర్ జిల్లాలో సేవామందిర్ అనే సంస్థతో కలిసి అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితర ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనం దీనికి గట్టి ఆధారం. 2010లో ప్రచురితమైన ఆ అధ్యయనం 134 పల్లెల్లో పసిపిల్లల టీకాల తీరును పరిశీలించింది. ఏ ప్రత్యేక ఏర్పాటూ లేని పల్లెల్లో టీకాలన్నీ పూర్తిగా వేయించుకున్న పిల్లలు 6 శాతం. నెలనెలా తప్పకుండా శిబిరం నడిపిన చోట 18 శాతం. శిబిరంతోపాటు వచ్చిన ప్రతిసారీ కిలో పప్పు, టీకాలన్నీ పూర్తయ్యాక భోజనం పళ్లేలు ఇచ్చిన చోట 39 శాతం. పైసాపైసా చూసే దాత ఈ పప్పును దుబారా అంటాడు. టీకా ఉచితంగా వేస్తుంటే పైన బహుమతులెందుకని అడుగుతాడు. కానీ పూర్తిగా టీకాలు పడిన ఒక్కో బిడ్డకు అయిన ఖర్చు లెక్కేస్తే, ఒట్టి శిబిరాల్లో 56 డాలర్లు తేలింది, పప్పు ఇచ్చిన శిబిరాల్లో 28 డాలర్లే. కారణం తేలికైనదే. నలుగురు పిల్లలు వచ్చినా నలభైమంది వచ్చినా నర్సుకు ఇచ్చే జీతం అదే. తల్లుల్ని శిబిరం దాకా రప్పించిన పప్పు ఆ జీతాన్ని ఎక్కువమంది పిల్లలకు పంచింది. ఖర్చు పెంచిన సంస్థే తక్కువ ఖర్చుతో పని చేసిందన్నమాట.

ఆఫీసు ఖర్చుగా కనిపించేదంతా పక్కకు పోయే డబ్బు కాదు. హైదరాబాద్‌లో 1987లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ పల్లెలకు చేరింది ఊళ్లలోని కంటి పరీక్షా కేంద్రాల ద్వారా. అక్కడ చూపు పరీక్షించేది స్థానిక యువతీయువకులే. వాళ్లకు శిక్షణ ఇవ్వాలి, వాళ్ల పనిని పైనుంచి ఎవరైనా చూడాలి, ఏ రోగిని ఏ ఆస్పత్రికి పంపారో, ఆపరేషన్ అయ్యాక చూపు వచ్చిందో లేదో రాసిపెట్టాలి. ఇవన్నీ మనుషులూ కంప్యూటర్లూ జీతాలూ కావలసిన పనులు. ఇవి తీసేస్తే మిగిలేది అద్దాల పంపిణీ మాత్రమే. తక్కువ ఆఫీసు ఖర్చు చూపమని దాతలు పట్టుబట్టినకొద్దీ సంస్థలు మొదట కోసేది శిక్షణనూ పర్యవేక్షణనూ. లేదా పద్దులు మారుస్తాయి: మేనేజరు జీతం ‘కార్యక్రమాల’ పద్దులోకి వెళ్తుంది, ఉచితంగా వచ్చిన మందులకు ఎక్కువ ధర కట్టి సేవా వ్యయం పెంచి చూపుతారు. శాతం అందంగా కనిపిస్తుంది, పని మాత్రం మెరుగుపడదు.

ఇక రెండో ప్రశ్న: మన డబ్బు లేకపోయినా జరిగేదేనా? మన దగ్గర దీన్ని దాదాపు ఎవరూ అడగరు. దీనికి జవాబు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ పాఠశాలల నుంచే దొరుకుతుంది. కార్తీక్ మురళీధరన్ తదితరులు అక్కడ చేసిన పరిశోధనల్లో ఒకదానిలో 100 ప్రభుత్వ పాఠశాలలకు అదనపు నిధులిచ్చారు. అందులో ఎక్కువ భాగం నోటు పుస్తకాలకూ సాధన సామగ్రికీ వెళ్లింది. మొదటి ఏడాది ఆ డబ్బు వస్తుందని తల్లిదండ్రులకు తెలియదు, పిల్లల మార్కులు పెరిగాయి. రెండో ఏడు ముందే తెలిసింది. దాంతో ఇళ్లలో చదువుకు పెట్టే ఖర్చు తగ్గించుకున్నారు. బడికి వచ్చిన ప్రతి రూపాయికీ ఇంట్లో దాదాపు ముప్పావలా తగ్గింది. ఆ ఏడాది నిధులతో చదువు ముందుకు సాగిన దాఖలా కనబడలేదు. ఇందులో తల్లిదండ్రుల తప్పు లేదు. మిగిలిన డబ్బుతో వాళ్లు ఇంటికి కావలసింది కొనుక్కుని ఉంటారు, పేద ఇంటికి అదీ సాయమే. కానీ ఏటా జూన్‌లో బ్యాగులూ పుస్తకాలూ పంచే సంస్థలు, అమెరికా నుంచి సొంతూరి బడికి డబ్బు పంపే ప్రవాసులు దాన్ని చదువుకు చేసిన సాయంగా లెక్కేసుకుంటే పొరపాటు. చదువే లక్ష్యమైతే, చదవడం రాని అయిదో తరగతి పిల్లల్ని తరగతినిబట్టి కాక వచ్చిన చదువునిబట్టి కూర్చోబెట్టి నేర్పే ‘ప్రథమ్’ వంటి సంస్థల పద్ధతికి పరిశోధనల మద్దతు చాలా ఎక్కువ. అందులో పంచడానికి వస్తువేమీ ఉండదు, ఫొటోకు పనికొచ్చేదీ ఉండదు. అందుకే దాతల కంటికి ఆనదు.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది. కొలవగలిగినవాటికే విలువ కడితే, కొలతకు అందని పని చేసేవాళ్ల గతేమిటి? రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ చేసిన పనినే చూడండి. శాంతా సిన్హా నాయకత్వంలో ఆ సంస్థ బాలకార్మికుల్ని బడికి పంపడమొక్కటే చేయలేదు. బడికి వెళ్లని ప్రతి బిడ్డా బాలకార్మికుడే అనే వాదనను పల్లెల్లో, ఆ తర్వాత విధాన నిర్ణేతల ముందు నిలబెట్టింది. పిల్లాణ్ణి జీతానికి పెట్టుకున్న రైతు నలుగురిలో సిగ్గుపడే పరిస్థితి తెచ్చింది. దీన్ని తలకు ఇన్ని రూపాయలని తేల్చడం కుదరదు, కుదరకపోయినంత మాత్రాన అది చిన్న పని కాదు. న్యాయ సహాయం, కార్మికుల హక్కులు, భూమి పట్టాల పోరాటం ఇలాంటివే. నిజమే, అంకెను మాత్రమే అడిగితే ఇవన్నీ ఓడిపోతాయి. అడగాల్సింది వివరణ. మీరు ఏం మార్చాలనుకుంటున్నారు, ఎందుకు మారుతుందని నమ్ముతున్నారు, మారలేదని మీకెలా తెలుస్తుంది? మూడో ప్రశ్నకు హక్కుల సంస్థ అయినా, ఆస్పత్రి అయినా జవాబు చెప్పగలగాలి.

నా దృష్టిలో అన్నిటికన్నా నమ్మదగ్గ గుర్తు ఇదే. ఎవిడెన్స్ యాక్షన్ అనే అంతర్జాతీయ సంస్థ బంగ్లాదేశ్‌లో, వ్యవసాయ పనులు లేని నెలల్లో కూలీలు పట్టణాలకు వెళ్లడానికి ప్రయాణ ఖర్చు సమకూర్చే పథకం నడిపింది. చిన్న స్థాయి ప్రయోగాల్లో ఫలితాలు బాగున్నాయి. విస్తరించాక ఆ ఫలితం కనిపించలేదు. సంస్థ ఆ సంగతిని తనే బయటపెట్టి, 2019లో పథకాన్ని మూసేసింది. మన దగ్గర ఎన్ని సంస్థల వార్షిక నివేదికల్లో ‘ఇది పనిచేయలేదు, మానేశాం’ అన్న వాక్యం కనిపిస్తుంది? కనిపించకపోవడానికి దాతలమూ బాధ్యులమే. ఓటమి ఒప్పుకున్నవాడికి మళ్లీ ఇవ్వం కదా.

దానం మనసుకు సంబంధించినది, దానికి లెక్కలేమిటని మరికొందరంటారు. పక్కింట్లో జబ్బుపడ్డవాళ్లకూ, ఆకలితో గుమ్మంలో నిలబడినవాళ్లకూ ఇచ్చేటప్పుడు లెక్క చూడకూడదన్న మాట నేనూ ఒప్పుకుంటాను. ఏడాదికోసారి ఆలోచించి, దూరాన ఉన్నవాళ్ల కోసం ఒక సంస్థ చేతిలో పెట్టే సొమ్ము వేరు. అక్కడ మన దయకూ ఆ మనిషికీ మధ్య సంస్థ ఉంది. ఆ సంస్థ చేతగానిదైతే నష్టపోయేది మనం కాదు, టీకా అందని ఆ బిడ్డ.

సామాన్య దాత ఇదంతా పరిశోధించలేడన్నదీ నిజమే. దాతకు పన్ను మినహాయింపునిచ్చే 80జీ గుర్తింపు, స్వచ్ఛంద సంస్థల కోసం ప్రభుత్వం నడిపే దర్పణ్ పోర్టల్‌లో నమోదు, ఆడిట్ అయిన లెక్కలు ఉన్నాయో లేదో చూడటానికి పూట చాలు. అవి సంస్థ ఉందనీ చట్టానికి లోబడిందనీ చెబుతాయి, అంతకుమించి చెప్పవు. మిగతా శ్రమ తగ్గాలంటే సంస్థల సంఖ్య తగ్గించుకోవాలి. ఇరవైమందికి అయిదువందల చొప్పున పంచే పదివేలు ఇద్దరికిస్తే, ఆ ఇద్దరి నివేదికలు చదవడానికి తీరిక దొరుకుతుంది. చదివి నమ్మకం కుదిరాక, ‘ఇది భోజనాలకే, ఇది పుస్తకాలకే’ అని షరతు పెట్టకుండా వరుసగా మూడేళ్లు ఇవ్వాలి. జీతాలకు వాడుకోమని చెప్పే దాత సంస్థలకు అరుదుగా దొరుకుతాడు. మంచి నర్సు, మంచి టీచరు, నిజాయితీగా పద్దులు రాసే అకౌంటెంటు ఆ డబ్బుతోనే మరో ఏడాది అక్కడ నిలుస్తారు.