పేరు మార్చిన మందు

దీర్ఘకాలిక లుకేమియా దొరకీ వస్తుంది, కూలోడికీ వస్తుంది. మందు మాత్రం అట్లా రాదు.

ఈ రోగానికి యాంటీబాడీ మందులున్నాయి. రోగపు కణం మీదుండే గుర్తుని పట్టుకుని, దాని మీదికి ఒంటి రక్షణ బలగాన్ని ఉసిగొల్పే మందులివి. ఇలాంటి యాంటీబాడీలు తయారుచేసే పద్ధతిని 1975లో కేంబ్రిడ్జిలో మిల్‌స్టెయిన్, కోలర్ కనిపెట్టారు. బ్రిటిష్ ప్రజల పన్నులతో నడిచే ప్రయోగశాల అది. పేటెంట్ కూడా తీసుకోలేదు. అదే ఊళ్లో పుట్టిన అలెంటుజుమాబ్, 'క్యాంపాత్' పేరుతో 2001లో లుకేమియాకి అనుమతి పొందింది.

తర్వాత చూడండి వ్యాపారుల తెలివి! 2012లో సనోఫీ కంపెనీ ఆ మందుని మార్కెట్ నుంచి ఎత్తేసింది. పనిచేయదని కాదు. లుకేమియాకి 30 మిల్లీగ్రాముల చొప్పున వారానికి మూడుసార్లు, 12 వారాల దాకా ఎక్కించేవాళ్లు. మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బుకైతే మొదటి ఏడాది మొత్తం కలిపి 60 మిల్లీగ్రాములే. ఒకే మందుకి రెండు రేట్లుంటే ఏ డాక్టరైనా చవక సీసానే తీస్తాడు గదా! అందుకే చవక సీసాని మాయం చేశారని మేం అంటున్నాం. 2013లో ఐరోపాలో, 2014లో అమెరికాలో 'లెమ్‌ట్రాడా' అని పేరు మార్చి, మిల్లీగ్రాముకి ఎన్నో రెట్లు రేటు పెంచి దించారు. ఒఫాటుముమాబ్‌దీ ఇదే దారి. 2009లో లుకేమియాకి 'ఆర్జెరా', 2020లో నరాల జబ్బుకి 'కెసింప్టా'.

లుకేమియా రోగులు అడిగితే ఉచితంగానే ఇస్తామన్నారు. ఈ మాట మనకి కొత్తా? బావి దగ్గరికి రానీయకుండా, పైనుంచి దోసిట్లో నీళ్లు పోసినోళ్లని మనం ఎరగమా? అట్లా పోసిన నీళ్లు మా తాతలు తాగారు. మేం తాగం.

మరి మన హైదరాబాద్ సంగతి? 2007లో డాక్టర్ రెడ్డీస్ కంపెనీ రిటుక్సిమాబ్‌ని 'రెడిటక్స్' పేరుతో విదేశీ రేటులో దాదాపు సగానికే దించింది. మంచిదే, కాదనం. కానీ కూలోడికి ఆ సగం కూడా కొండే. ఈ మందు విలువేంటో 2010లో లాన్సెట్ పత్రికలో అచ్చయిన జర్మన్ వైద్యుల పరిశోధన చెప్పింది. 817 మంది రోగుల్లో, కీమోతో పాటు ఇది కూడా ఎక్కించుకున్నవాళ్లకి మూడేళ్ల దాకా రోగం ముదరకుండా ఉన్నది 65 శాతం. వట్టి కీమో వాళ్లలో 45 శాతం. ఈ తేడా పేరే డబ్బు! (ఇప్పుడు ఒబినుటుజుమాబ్‌తో వెనిటోక్లాక్స్ బిళ్లలు కలిపి ఏడాదిలో ముగించే వైద్యం వచ్చింది. దాని రేటు మన పేటల్లో చెబితే నవ్వుతారు.)

రిటుక్సిమాబ్‌ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. కాబట్టి ఎవరి దయా మాకక్కర్లేదు. ఏ ప్రభుత్వాసుపత్రిలో ఈ మందు ఎన్ని సీసాలుందో గేటు దగ్గర బోర్డు మీద రాయండి. ఎక్కించే ముందు తప్పక చేయాల్సిన హెపటైటిస్-బి పరీక్షని బయట చేయించుకు రమ్మని తరమకండి. మందెక్కించుకునే రోజు కూలీ, బస్సు చార్జీ కట్టివ్వండి. మనోళ్లు ఆసుపత్రికి ఎందుకెళ్లినా సరే, ముందు ఆ బోర్డేదని అడగండి.