తాడే కదా అనుకుంటే...

ఉక్కును మించిన సింథటిక్ తాళ్లు ఓడలెక్కాయి. ఎంతటి బలమైన తాడైనా తప్పుగా ఎంచుకున్నా, తప్పుగా వాడినా తెగుతుందని ఒక ప్రమాదం చెప్పింది.

2015 మార్చి 2. బ్రిటన్‌లోని మిల్ఫర్డ్ హేవెన్ రేవు. సౌత్ హుక్ టెర్మినల్ దగ్గర 'జర్గా' అనే భారీ ఎల్ఎన్‌జీ ఓడను కట్టేస్తున్నారు. ఓడను సరైన చోటికి జరుపుతుండగా ముందు భాగంలోని ఒక తాడు తెగి, కొరడాలా వెనక్కి కొట్టింది. అక్కడ పని చేయిస్తున్న డెక్ అధికారి తలకు తీవ్ర గాయాలయ్యాయి. అదేమీ నాసిరకం తాడు కాదు. అత్యంత బలమైనదని పేరున్న హెచ్ఎంపీఈ పోగుతో చేసినది. పైగా తట్టుకోగలదని పత్రాల్లో రాసిన బరువుకు చాలా దిగువనే తెగిపోయింది.

హెచ్ఎంపీఈ అంటే మామూలు ప్లాస్టిక్ సంచుల్లో ఉండే పాలిథిలీనే. కాకపోతే దాని అణువుల గొలుసులు చాలా పొడవు. వాటన్నిటినీ ఒకే దిశలో సాగదీసి పోగు తీస్తారు. నెదర్లాండ్స్‌లో 1990లో 'డైనీమా' పేరుతో వాణిజ్య ఉత్పత్తి మొదలైంది. బరువుకు బరువు చూస్తే ఉక్కుకు 15 రెట్ల బలం ఉంటుందన్నది తయారీదారుల లెక్క. నీటి మీద తేలుతుంది. తుప్పు పట్టదు. ఉక్కు తీగలతో చేతులు కోసుకునే నావికులకు ఇది వరంలాగే కనిపించింది.

వరంతోపాటు ఒక అపోహా వచ్చింది. నైలాన్ తాడు తెగేలోపు 20 శాతం, అంతకు మించి కూడా సాగుతుంది. అలా సాగినప్పుడు దానిలో చేరిన శక్తే తెగినప్పుడు మనిషిని కొడుతుంది. హెచ్ఎంపీఈ పోగు సాగేది 3-4 శాతమే. కాబట్టి తెగినా ఉన్నచోటే పడిపోతుందని చాలామంది నమ్మారు. అయితే ఏమాత్రం సాగని తాడుతో ఓడను కడితే అల తాకిన ప్రతిసారీ తాడు మీద ఒక్కసారిగా భారం పడుతుంది. ఆ కుదుపును తట్టుకోవడానికి దాని చివర సాగే గుణమున్న మరో తాడు ముక్కను తగిలిస్తారు. నావికులు దాన్ని 'టెయిల్' అంటారు. శక్తి దాగేది ఆ తోకలోనే. అసలు తాడు తెగగానే అది బయటపడుతుంది.

బ్రిటన్ నౌకా ప్రమాదాల దర్యాప్తు విభాగం 2017లో ఇచ్చిన నివేదిక మరో సంగతీ తేల్చింది. జర్గా తాడు లోపలి పోగులు వాడకంలో నొక్కుకుపోయి, మడతలు పడి బలహీనమయ్యాయి. పైన తొడుగు ఉండటంతో ఆ లోపం కంటికి కనిపించలేదు. ఆ తాడు నిర్మాణానికీ, ఓడ మీద అది వంపు తిరిగే పరికరాలకూ పొంతన కుదరలేదు.

అందుకే తాడును ఎంచుకునేటప్పుడు ఎన్ని టన్నులు మోస్తుందని ఒక్కటే అడిగితే చాలదు. తాడు లావుకు తగినంత పెద్ద రోలర్ మీదుగా తిరుగుతుందా అన్నది చూడాలి. వేడి సంగతి మరవకూడదు. నైలాన్ కరగాలంటే 200 డిగ్రీలు దాటాలి. హెచ్ఎంపీఈ సుమారు 145 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. డ్రమ్ము మీద జారుతూ రాసుకుంటే చాలు, పోగు దెబ్బతింటుంది. ఈ తాడు నున్నగా ఉంటుంది కనుక ముడి నిలవదు, నిలిచినా బలం బాగా తగ్గిపోతుంది. కొసను తాడులోకే తిరిగి అల్లి ఉచ్చు చేయడమే సరైన పద్ధతి.

చమురు సంస్థల సముద్ర వేదిక ఓసీఐఎంఎఫ్ 2018లో తన మార్గదర్శకాలను సవరించింది. తాడు బలం 75 శాతానికి పడిపోయేలోపే దాన్ని తీసేయాలంది. 2024 జనవరి 1న అమల్లోకొచ్చిన సోలాస్ ఒప్పందం సవరణలు పాత ఓడల్లో కూడా కట్టుతాళ్ల తనిఖీని, నిర్వహణను తప్పనిసరి చేశాయి.

ఈ నిబంధనలు మనకు పరాయివి కావు. ప్రపంచానికి అత్యధికంగా నావికులను అందిస్తున్న అయిదు దేశాల్లో భారత్ ఒకటని 2021 నాటి అంతర్జాతీయ నివేదిక ఒకటి పేర్కొంది. విశాఖపట్నం, గంగవరం, కృష్ణపట్నం రేవుల్లో ఏ ఓడ ఒడ్డుకు చేరినా తాడు పట్టుకునే చేతులు రెండు వైపులా ఉంటాయి. తాడు ఎంపిక ఎక్కడో కార్యాలయంలో జరుగుతుంది. అది తెగినప్పుడు ఎదురుగా ఉండేది మాత్రం డెక్ మీద మనిషి. ఏ తాడు ఎన్ని గంటలు పనిచేసింది, ఎక్కడ ఒరిసింది అన్న రికార్డు అతని ప్రాణానికి పూచీ. తేదీలు నింపి సంతకం పెట్టే కాగితంగా అది మిగిలిపోతే నిబంధన ఉన్నా లేనట్టే.

చీకట్లో తాడును చూసి పామనుకోవడం భ్రాంతి అన్నారు వేదాంతులు. ఓడ డెక్ మీద బిగిసి ఉన్న తాడును ఉత్త తాడే అనుకోవడం అంతకంటే పెద్ద భ్రాంతి.